ఆరు డిగ్రీల ముందు

కార్న్‌లాక్ రేవు మీద వాన అడ్డంగా కొడుతోంది.
షెడ్డులో కిరోసిన్ హీటరు, దాని మీద టీ కెటిలు.
బల్ల మీద పాత దుప్పటి పరిచి
రెండు సిలిండర్ హెడ్లు పక్కపక్కన పెట్టాను.

ఒకటి పోత ఇనుము.
పొట్టి రెక్కలు, గాలి వెళ్ళే ఇరుకు సందు,
పాత పెన్నీ బిళ్ళను కాస్త మించిన ఇన్‌లెట్ వాల్వు.
రెండోది అల్యూమినియం, పదేళ్ళు చిన్నది.
రెక్కలు బారెడు, గొంతు వెడల్పు,
అరిచేతిలో పెడితే
ఇంత తేలికా అని చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది.

లోర్నా మక్‌కీమన్ దాన్ని వేలంలో కొని
కోటులో చుట్టి తెచ్చింది, తడవకుండా.
తను మాత్రం తడిసింది.
"ఇది బిగించు. తాత బండి ఒక్కసారైనా పరిగెత్తాలి."

కొత్త లెక్క వేసేముందు పాత లెక్క చూడాలి.
క్రాంకు చివర డిగ్రీల పళ్ళెం బిగించాను,
వంచిన సైకిలు పుల్ల దానికి ముల్లు.
పిస్టన్ పైకొచ్చి, దిగాలా వద్దా అని తటపటాయించే చోటును
అటూ ఇటూ కొలిచి, సగం చేసి, అక్కడ సున్నా పెట్టాను.
మెల్లగా తిప్పాను.
వాల్వు లేచింది,
పుస్తకం చెప్పినదానికి ఆరు డిగ్రీల ముందే.

మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆరే.
టీ తాగి తిప్పాను. ఆరే.
పళ్ళచక్రాల మీద చుక్కకు చుక్క సరిగ్గా కలిసే ఉంది.
సాక్షులిద్దరిదీ ఒకే మాట,
అయినా ఎవరో ఏదో దాస్తున్నారు.

పుల్లరు పెట్టి పినియను లాగితే దొరికింది
షాఫ్టుకీ దానికీ మధ్య
చింతగింజంత కీ.
నిటారుగా ఉండాల్సింది నడుము దగ్గర మెట్టు తిరిగి
పక్కకు జరిగి కూర్చుంది.
కార్ఖానా పని కాదు,
ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి,
ఒకచోట చెయ్యి జారింది కూడా.

ఫోనులో లోర్నాను అడిగాను.
"తాత సైడ్‌కారులో గొర్రెల్ని వేసుకుని సంతకు వెళ్ళేవాడు,
గ్లెనార్మ్ ఎత్తు మీదుగా.
మొదట్లో మూడో మలుపు దగ్గర
నానమ్మ దిగి నెట్టేదట.
తర్వాత తర్వాత దిగడం మానేసిందట.
ఎందుకో ఎవరూ అడగలేదు."

ముందు తెరిచిన వాల్వు ముందే మూసుకుంటుంది.
నింపాదిగా తిరిగే ఇంజను
మింగిన ఊపిరిని వెనక్కి కక్కదు.
పరుగులో కొంత పోతుంది,
ఎత్తు మీద కొంత మిగులుతుంది.
హ్యామిల్టన్ మక్‌కీమన్ ఈ మాట ఎవరికీ చెప్పలేదు.
ఒక సాయంత్రం కూర్చుని రాకాడు.

మా చిన్నదాని బడి పెట్టెలోంచి
పచ్చ ప్లాస్టిసిన్ ముద్ద అడిగి తెచ్చాను.
పిస్టన్ నెత్తిన అద్ది, కొత్త హెడ్డు బిగించి,
రెండు చుట్లు తిప్పి విప్పాను.
పెద్ద వాల్వు దిగిన గుంట, నెలవంక లాగా.
బ్లేడుతో కోసి చూస్తే
అడుగున మిగిలినది గోరు మందం లేదు.
వేడెక్కితే అదీ ఉండదు.
ఈ హెడ్డూ ఆ కీ ఒకే ఇంట్లో కాపురం చెయ్యవు.

లోర్నా వచ్చింది. పచ్చ ముద్దను చూసింది,
కీని గోటితో తడిమింది, మెట్టు దగ్గర ఆగింది.
ఇనుప హెడ్డే ఉంచమంటుందని అనుకున్నాను,
దానికి తగ్గ మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.
"డబ్బుంటే తాత ఇదే కొనేవాడు," అంది.
"తిన్నటి కీ వెయ్యి."

వేశాను.
పాతదాన్ని పొగాకు డబ్బాలో పెట్టి
మూత మీద రాశాను:
ఆరు ముందు. పొరపాటు కాదు.

ఆదివారం సముద్రం పక్క రోడ్డు మీద
బండి నిజంగానే పరిగెత్తింది,
ఖాళీ సైడ్‌కారు ఎగిరెగిరి పడింది.
గ్లెనార్మ్ ఎత్తు మీద, మూడో మలుపు దగ్గర
గొంతు మారి, మూలిగి,
ఆగినంత పని చేసింది.

వెనక సీటు మీంచి లోర్నా దిగి
బూట్లు బురదలో తన్నిపెట్టి
నెట్టింది.